ప్లాస్టరింగ్‌కు ముందే బొమ్మల కళాకారుణ్ణి పిలవండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఇప్పుడు కడుతున్న ఇళ్లకు, హోటళ్లకు, ఆఫీసులకు సిమెంటు ఏ కంపెనీదో, కడ్డీ ఎంత మందమో, టైల్స్ ఏ ఊరి నుంచి రావాలో పునాది తీయకముందే తేలిపోతుంది. హాల్లో ఏ బల్ల ఉండాలి, గోడ మీద ఏ బొమ్మ ఉండాలి, దీపం ఎక్కడ వేలాడాలి అన్న మాట మాత్రం గృహప్రవేశానికి వారం ముందు గానీ రాదు. అప్పటికి చేతిలో డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. ఫోన్‌లో చూసి ఒక సోఫా సెట్టు, ఏడు గుర్రాల ప్రింటు ఒకటి తెప్పించి పని అయిందనిపిస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతంలో కట్టడాల జోరు పెరిగింది, దాంతోపాటు ఈ అలవాటూ పెరిగింది. ఇది మారాలి. గదికి తగ్గట్టు చేయించుకునే చెక్కపని, కళాకారుడి చేత వేయించుకునే బొమ్మ మిగులు డబ్బుతో చివర్లో కొనే సామాను కింద ఉండకూడదు. భవనం అంచనా రాసేటప్పుడే వాటికి ఒక పద్దు ఉండాలి. అలా ఉంటే ఖర్చు అదుపులో ఉంటుంది, పని నిలుస్తుంది, మన జిల్లాలోనే ఉన్న పనివాళ్లకు బతుకు దొరుకుతుంది.

దీనికి మొదటి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వీరభద్రాలయం ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. ఆ మండపం కప్పు చూడండి. స్తంభాల వరుసల మధ్య రాతికప్పు పొడవాటి పట్టీలుగా సాగుతుంది. చిత్రాలను సరిగ్గా ఆ పట్టీల కొలతకే వేశారు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం ఒక కొస నుంచి మరో కొసకు నడుస్తాయి. తలెత్తి చూస్తూ అడుగులు వేసే మనిషితో పాటు కథా ముందుకు కదులుతుంది. ఇంకో గుడిలోంచి తెచ్చి అతికించగలిగిన పని కాదు అది. రాతి మీద సున్నపు పూత పడాలి, ఆ పూత రంగు పట్టేలా ఉండాలి, గీత ఆరంభించే సమయానికి పరంజా దిగకుండా ఉండాలి. శిల్పి, పూత పూసేవాడు, చిత్రకారుడు ముందే కలిసి మాట్లాడుకోకపోతే ఇందులో ఏదీ జరగదు. అదే గుడిలో లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు ధర్మవరం మగ్గాల మీదికి చీర అంచులై వచ్చాయి. ఒక చోటు కోసం పట్టి చేయించిన పని ఆ చోటుతోనే ఆగిపోలేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పక్క ఊరి నేతకు నమూనా ఇస్తోంది.

చేయించుకోవడమంటే డబ్బున్నవాళ్ల సరదా అని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. సీమ ఇళ్ల చరిత్ర అందుకు పూర్తిగా ఎదురు చెబుతుంది. రెండు తరాల కిందటి దాకా పల్లెల్లో తయారైన సామాను కొనడమే అరుదు. ఇంటివాళ్లు వేప మానో, టేకు దుంగో కోయించి, ఆరబెట్టి ఉంచితే వడ్రంగి ఇంటికే వచ్చి ద్వారబంధం దగ్గర నుంచి మంచం కోళ్ల దాకా చేసిపెట్టేవాడు. గోడ కట్టేటప్పుడే దీపానికి గూడు వదిలేవారు. కడప బండలను గోడలోకి దూర్చి కట్టిన అలమర ఇవాళ్టికీ ఎన్నో ఇళ్లలో చెక్కుచెదరలేదు. గదితో పాటే పుట్టిన ఫర్నిచర్ అది. పేద ఇంట్లోనూ ఉండేది. ఇక ఇప్పటి మాట చూద్దాం. మాడ్యులర్ కిచెన్, గోడంత వార్డ్‌రోబ్, టీవీ వెనక ప్యానెల్ అన్నీ చదరపు అడుగు లెక్కన కొలిచి చేసేవే. అంటే కొలతకు చేయించుకోవడానికి లక్షలు ఖర్చు పెడుతూనే ఉన్నాం. పోయింది చేసేవాడితో మాట. ఏ చెక్క వాడాలి, ఏ మూల ఎండ పడుతుంది, పెద్దవాళ్లు లేచి కూర్చోవడానికి ఎంత ఎత్తు కావాలి అన్న సంభాషణ పోయి, లామినేట్ రంగుల పుస్తకంలో నంబరు చూపించడం మిగిలింది.

ఈ వాదనకు గట్టి ఉదాహరణ ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. తరతరాలుగా తోలుబొమ్మలు చేసి, ఊరూరా ఆడించిన కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట తగ్గిపోయిన కాలంలో ఆ కుటుంబాలు అదే తోలు, అదే ఉలి, అదే రంగులతో దీపాల గొడుగులు, గోడ ప్యానెళ్లు, తలుపు తోరణాలు చేయడం మొదలుపెట్టి బతుకు నిలుపుకున్నాయి. ఈ మార్పు ఇంత సహజంగా కుదరడానికి కారణం ఆ పని స్వభావంలోనే ఉంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుగును లోపలికి రానిచ్చే పలచని పొర అవుతుంది. దాని మీద గీత గీసి, రకరకాల ఉలులతో చిన్నచిన్న రంధ్రాలు కొట్టి నగలు, అంచులు, పూలు తెస్తారు. వెనక దీపం వెలిగితే రంగు మెరుస్తుంది, రంధ్రాల్లోంచి చుక్కలుగా వెలుగు రాలుతుంది. మొదటి నుంచీ దీపం ముందు నిలబెట్టడానికే పుట్టిన కళ ఇది. అందుకే వెలుగు లేని గోడకు మేకు కొట్టి వేలాడదీస్తే దాని అందంలో సగం కూడా కనిపించదు.

గృహప్రవేశానికి వారం ముందు నిమ్మలకుంట దీపం కొన్నవాళ్లకు ఎదురయ్యే చిక్కు కూడా ఇక్కడే ఉంది. కరెంటు పాయింటు అప్పటికే గది నడిబొడ్డున ఫ్యాను కోసం పెట్టేసి ఉంటుంది. ప్యానెల్ వెనక వెలుగు రావాలంటే గోడలో నాలుగు అంగుళాల లోతు గూడు కావాలి, అందులోకి వైరు రావాలి. ప్లాస్టరింగ్ అయిపోయాక ఆ పని చేయాలంటే గోడ పగలగొట్టాలి. ముందే చెబితే మేస్త్రీకి అరపూట పని. ఇంకా ఉంది. ఒక ముక్క వెడల్పు ఒక మేకతోలు ఎంత ఉంటే అంతే. పెద్ద ప్యానెల్ కావాలంటే ముక్కలు కలపాలి, ఆ అతుకు ఎక్కడ రావాలో చిత్రంలోనే ఆలోచించాలి. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేడికి తోలు ముడుచుకుపోయే ప్రమాదం ఉండేది. ఎల్‌ఈడీ దీపాలు ఆ భయాన్ని చాలావరకు తగ్గించాయి, కానీ బల్బుకూ తోలుకూ మధ్య ఎంత దూరం ఉండాలో చేసే మనిషినే అడగాలి. వానలు అంతంతమాత్రమైన మన పొడి నేల తోలుకు మంచిదే. సముద్రపు తేమ ఉన్న విశాఖలోనో, చెన్నైలోనో పెట్టేటట్లయితే బూజు సంగతి ముందే ఆలోచించాలి. ధర్మవరం పట్టుదీ ఇలాంటి కథే. చీర కోసం వేసిన మగ్గం వెడల్పు చీర వెడల్పే. దాన్ని గోడకు వాడాలంటే పట్టీలుగా తీసుకోవాలి. నేరుగా ఎండ తగిలే కిటికీకి పట్టు తెర వేస్తే కొన్నాళ్లకే రంగు వెలిసిపోతుంది. అందుకే దానికి లోపలి గోడో, మంచం తలవైపు పలకో చూసిపెట్టాలి. ఇవన్నీ ప్లాను కాగితం మీద ఉండగా ఖర్చు లేకుండా తేలే విషయాలు.

పెద్ద కట్టడాలు ఈ పద్ధతిని ఎలా పాటిస్తాయో 2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో చూశాం. లోక్‌సభ, రాజ్యసభ నేల అర్ధచంద్రాకారంలో ఉంటుంది. ఏ దుకాణంలోనూ ఆ ఆకారపు తివాచీ దొరకదు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ ప్రాంతాల నేతపనివాళ్లు 900 మంది, దాదాపు 10 లక్షల పనిగంటలు వెచ్చించి, ఒక్కో సభకు 150కి పైగా తివాచీలు నేసి వాటిని కలిపి కుట్టారు. లోక్‌సభకు నెమలి, రాజ్యసభకు కమలం. గోడలు లేస్తుండగానే అక్కడ మగ్గాలు ఆడాయి కాబట్టి ప్రారంభం నాటికి నేల సిద్ధమైంది.

ఇలా ముందే పద్దు రాసి చేయించుకోవడం మీద మొదటి అభ్యంతరం ఖర్చు. అది చిన్న మాట కాదు. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకునే ఉపాధ్యాయుడికో, పట్టు గూళ్లు అమ్మి కట్టుకునే రైతుకో ప్రతి వెయ్యీ లెక్కే. నేను అడిగేది కొత్త ఖర్చు కాదు, ఉన్న ఖర్చును వేరే చోటికి మళ్లించమని. ఫాల్స్ సీలింగ్‌లో రంగురంగుల దీపాలకు, టీవీ వెనక పాలరాయి నమూనా ప్లాస్టిక్ పలకకు పోసే డబ్బులో ఒక వంతు చాలు. ఇంట్లో అన్నీ చేయించుకోవాలన్న పట్టుదలా అక్కరలేదు. పడకగది బీరువా రెడీమేడ్ కొనండి. కానీ పదిమంది కూర్చునే చోట ఒక మంచి బల్ల, వెలుగు పడే చోట ఒక మంచి బొమ్మ చేయించండి. మన్నికను కూడా లెక్కలో పెట్టాలి. పొట్టును జిగురుతో అదిమిన బోర్డుకు ఒకసారి నీళ్లు తగిలి ఉబ్బితే బాగుచేసే దారి లేదు, పారేయాల్సిందే. గట్టి చెక్కతో చేసిన బల్ల కాలు విరిగితే వడ్రంగి మరో కాలు బిగిస్తాడు, పైన గీతలు పడితే చిత్రిక పడతాడు. ఇరవై ఏళ్లలో మూడుసార్లు కొన్న సామాను ఖరీదును ఒకసారి చేయించిన దానితో పోల్చి చూస్తే చవక ఏదో తెలుస్తుంది.

ఈ విషయంలో చండీగఢ్ అనుభవం కళ్లు తెరిపిస్తుంది. 1950లలో ఆ నగరాన్ని కట్టినప్పుడు వాస్తుశిల్పి పియెర్ జానరే పర్యవేక్షణలో ఆఫీసులకు, కోర్టుకు, విశ్వవిద్యాలయానికి కావలసిన కుర్చీలు, బల్లలు అక్కడి వడ్రంగుల చేతనే టేకుతో, బెత్తం అల్లికతో చేయించారు. ఎక్కడో విదేశాల నుంచి తెప్పించే స్తోమత లేక ఎంచుకున్న దారి అది. కొన్ని దశాబ్దాలకు అవి పాతబడ్డాయని గుట్టలుగా పోసి, తుక్కు కింద వేలం వేశారు. వాటిని కొన్నవాళ్లు బాగుచేసి ఐరోపాలో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మవద్దని ఉత్తర్వులు ఇచ్చేనాటికి చాలా భాగం చేయి దాటిపోయింది. స్థానిక వడ్రంగి చేతి పని ఎంత విలువైనదో ఇది చూపిస్తుంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న రికార్డు లేకపోతే, చేయించుకున్నవాళ్లే దాన్ని చెత్త అనుకుంటారని కూడా ఇదే చూపిస్తుంది. చేసినవాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదన్నది నన్ను మరింత బాధించే సంగతి.

రెండో అభ్యంతరం కాలం. చేతిపనివాళ్లు చెప్పిన రోజుకు ఇవ్వరు, అడ్వాన్సు తీసుకుని తిప్పుకుంటారు అంటారు. కొంత నిజముంది. కానీ కారణం చూడాలి. చేతిలో పెట్టుబడి లేని మనిషి ఒకరి అడ్వాన్సుతో ముందటి పనికి సరుకు కొంటాడు. తోలు ఆరాలి, చెక్క ఆరాలి, ఏ తొందర పెట్టినా ఆ రోజులు తగ్గవు. మనం వారం గడువిచ్చి, ఆ వారంలో రాలేదని తిట్టడం న్యాయం కాదు. అంచనాలోనే పద్దు ఉంటే పునాది నుంచి రంగులు వేసే దాకా కనీసం ఎనిమిది, పది నెలలు చేతిలో ఉంటాయి. సరుకుకు ఒక వంతు, నమూనా చూశాక ఒక వంతు, బిగించాక ఒక వంతు అని ఒక కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ భరోసా. సిమెంటు డీలరుకు, లిఫ్టు కంపెనీకి మనం ఒప్పందం లేకుండా డబ్బు ఇవ్వం. బొమ్మ చేసే మనిషితో మాత్రం నోటిమాటతో సరిపెట్టి, తర్వాత తగవుపడతాం.

తోలు ఇంట్లో పెట్టడమేమిటి, అందులోనూ దేవుడి బొమ్మా అని సంకోచించేవాళ్లున్నారు. ఆ మనసును గౌరవించాలి. పూజగది దగ్గర పెట్టమని ఎవరూ అనడం లేదు. రాముణ్ణీ సీతనూ తోలు మీద గీసి ఊరంతటికీ రామాయణం చూపించిన కళ ఇదేనన్నది గుర్తుంచుకుంటే చాలు. అయినా మనసొప్పకపోతే చెట్టు, నెమలి, తీగల అల్లిక చేయించుకోవచ్చు. అదీ కాకపోతే కాళహస్తి కలంకారీ ఉంది, మాధవమాల కొయ్యపని ఉంది, ఆళ్లగడ్డ రాతిపని ఉంది.

ఒక చోటుకని చేయించింది ఇల్లు మారితే ఎందుకూ పనికిరాదన్నది మరో మాట. అద్దె ఇళ్లవాళ్లకు గోడలోకి దూర్చే పని వద్దు. విడిగా నిలబడే బల్ల, వేలాడే దీపం చాలు. చోటు కోసం చేసిన మంచి పని చోటు మారినా బతుకుతుందనడానికి అమరాపురం మండలంలోని హేమావతే సాక్ష్యం. నొళంబ రాజుల రాజధాని అది. అక్కడి నల్లరాతి స్తంభాల పనితనం చూసి చోళులు యుద్ధంలో గెలిచాక కొన్నింటిని తమ దేశానికి తరలించుకుపోయారు. తమిళనాడులోని తిరువయ్యారు గుడిలో నొళంబ స్తంభాలు వెయ్యేళ్ల తర్వాత కూడా మండపాన్ని మోస్తున్నాయి. దోచుకుపోవడం తప్పే. పనిలో సత్తా లేకపోతే మాత్రం అంత బరువును అంత దూరం ఎవరూ మోయరు.

నకళ్ల సంగతి మరింత సూటిగా మాట్లాడుకోవాలి. తోలుబొమ్మ ఫోటోను కంప్యూటర్లో పెట్టి, ఎండీఎఫ్ పలక మీద లేజరుతో కోసి, గంటలో ఇచ్చే దుకాణాలు వచ్చాయి. అందంగానే ఉంటుంది కదా, చవక కదా అంటారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు, ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే అది పేరును కాపాడుతుంది గానీ, ఒక్కో కళాకారుడి గీతను కాపాడదు. ఇక్కడ ఇంటీరియర్ డిజైనర్ల బాధ్యత పెద్దది. నిమ్మలకుంట బొమ్మను చూపించి ఒప్పించి, తీరా పలక మీద కోసిన నకలు బిగించడం కొనేవాడికీ చేసేవాడికీ అన్యాయమే. అసలు పని చేయించినప్పుడు కూడా కొటేషన్‌లో కళాకారుడి పేరు, అతనికి చేరే మొత్తం విడిగా రాయాలి. ప్యానెల్ మూల సంతకం ఉండాలి. చేయించుకున్నాక కూడా బాధ్యత తీరదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరిట పీకేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు 2005లో దాన్ని తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. డబ్బిచ్చి చేయించుకున్నా కళాకారుడి గౌరవాన్ని తుంచే హక్కు యజమానికి రాదని ఆ తీర్పు చెప్పింది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం కళాభిమానుల నుంచి వస్తుంది. రాత్రంతా ఆడి, పాడి, రావణుడి పది తలలను తెర మీద ఊపిన కళను దీపపు గొడుగు చేయడం దాన్ని చిన్నబుచ్చడమే కదా అంటారు. ఇందులో బాధ ఉంది, నిజమూ ఉంది. దీపానికి కీళ్లు అక్కరలేదు, కథ అక్కరలేదు, పాట అక్కరలేదు. అడిగేవాళ్లంతా పూలు, నెమళ్లే అడిగితే హనుమంతుడి దవడ ఎలా గీయాలో తర్వాతి తరానికి చేయి తిరగకుండా పోవచ్చు. కానీ గొడుగులు వద్దంటే ఆట బతుకుతుందా? ఆటను ఆదరించే ప్రేక్షకులు తగ్గిన రోజుల్లో ఉలి పట్టిన చేతికి అన్నం పెట్టింది ఆ గొడుగే. చేయి ఖాళీగా ఉంటే పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు, అప్పుడు ఆటా ఉండదు, దీపమూ ఉండదు. చేయించుకునేవాళ్లే ఇందుకు ఒక పరిష్కారం చూపగలరు. పూల ప్యానెల్‌తో పాటు ఒక పూర్తి పాత్రను, కీళ్లతో సహా చేయించండి. గృహప్రవేశం రాత్రి డీజే బదులు ఒక ఘట్టం ఆడించమని అడగండి. హోటల్ కట్టేవాళ్లు భోజనాల హాలు పక్కన తెర కట్టే చోటు ప్లానులోనే వదిలితే వారానికొక ఆట ఆడించవచ్చు.

ఇళ్లవాళ్ల కన్నా ముందు కదలాల్సింది ప్రభుత్వం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు ఇంకా ఎన్నో కార్యాలయాలు, బడులు, ఆసుపత్రులు కట్టాల్సి ఉంటుంది. ఫ్రాన్స్ 1951 నుంచి ప్రభుత్వ భవనాల నిర్మాణ వ్యయంలో 1 శాతం కళకు కేటాయిస్తోంది. అది విద్యాసంస్థల భవనాలతో మొదలైంది. అమెరికాలో ఫెడరల్ భవనాలకు కనీసం 0.5 శాతం పక్కన పెడతారు. అంత డబ్బున్న దేశాలతో మనకు పోలికేమిటి అనవచ్చు. శాతం లెక్కలో చిన్న భవనానికి చిన్న మొత్తమే అవుతుంది. 2 కోట్ల ఆసుపత్రి భవనంలో 0.5 శాతం అంటే లక్ష రూపాయలు. ప్రసూతి వార్డు గోడకు నిమ్మలకుంట ప్యానెళ్లు, బయట కూర్చునే వాళ్లకు స్థానిక వడ్రంగి చేసిన గట్టి బల్లలు చేయించడానికి ఆ లక్షతో పని మొదలుపెట్టవచ్చు. లేపాక్షి పేరుతోనే దుకాణాలు నడుపుతున్న రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ ఇంజినీరుకూ కళాకారుడికీ మధ్య నిలబడి, కొలతలు, గడువులు, చెల్లింపులు చూసుకోవచ్చు. టెండరు పత్రంలో విద్యుత్తు పనులకు, నీటి గొట్టాలకు ఉన్నట్టే దీనికీ ఒక వరుస చేర్చడం జిల్లా స్థాయిలో ఒక భవనంతో ప్రయోగంగా మొదలుపెట్టదగ్గ పని. హిందూపురంలోనో, మడకశిరలోనో ఈ ఏడాది అంచనాకు వచ్చే తర్వాతి భవనంతోనే మొదలుపెట్టవచ్చు.